గడియారాల బాబాయి బొటనవేలు

ఆ ఆదివారం పొద్దున గడియారాల బాబాయి కంటి భూతద్దం బేకరీ ఆయన టీ కప్పులో పడింది. టీ వేడిగా ఉంది. కప్పు నిండుగా ఉంది. భూతద్దం మునిగిపోయింది. బేకరీ ఆయన కప్పులోకి ఓసారి, బాబాయి మొహంలోకి ఓసారి చూసి, చెంచా పట్టుకురమ్మని డాబా మీంచి కిందికి కేకేశాడు. చెంచా వచ్చింది, భూతద్దం బయటికొచ్చింది. దాన్ని భుజం మీది తువ్వాలుతో తుడిచి బాబాయి చేతిలో పెట్టి, మిగిలిన టీ తాగేసి, "పంచదార తక్కువైంది" అని మళ్ళీ కిందికే కేకేశాడు. అక్కడున్న వాళ్ళం ఎవరమూ నవ్వలేదు.

నవ్వకపోవడానికి కారణం ఉంది. బాబాయి అప్పుడు డాబా మీద టమాటా మొక్కకి వైద్యం చేస్తున్నాడు. గడియారాలు బాగుచేసేవాళ్ళు కంట్లో ఇరికించుకుంటారే, ఆ భూతద్దంతోనే ఆకు వెనకభాగం చూస్తూ పెద్దగా తుమ్మాడు. ఆ తుమ్ముకి అద్దం ఎగిరి కప్పులో పడింది. డాక్టరు రోగి దగ్గర ఉన్నప్పుడు నవ్వకూడదు కదా.

బాబాయికి తుమ్ములు మామూలే. టమాటా మొక్క దగ్గరికి వెళ్తే చాలు, ఒకటి కాదు, వరసపెట్టి తుమ్ముతాడు. "ఈ ఆకు వాసన నాకు పడదర్రా" అనేవాడు ముక్కు తుడుచుకుంటూ. పడని మొక్క దగ్గరికి, మా మొహాలు చూసి, ఒళ్ళు పాడుచేసుకుని వస్తున్నాడని మా వీధి వీధంతా కరిగిపోయేది. "అంత మంచి మనిషి ఎక్కడ దొరుకుతాడండీ" అని ఆడవాళ్ళు గుమ్మాల్లో నిలబడి చెప్పుకునేవాళ్ళు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా బాబాయి తల వంచుకుని గబగబా నడిచేవాడు. అది వినయం అనుకున్నాం.

బాబాయి కొట్టు ఆయన ఇంటి ముందుగదే. గోడ నిండా గడియారాలు, ఏ రెండూ ఒక టైము చూపించవు. మా వీధిలో టైము తెలుసుకోవాలంటే ఆ కొట్టు తప్ప ఇంకెక్కడికైనా వెళ్ళాలి అని బేకరీ ఆయన వేళాకోళం ఆడేవాడు. "బాగుచేసినవి ఇచ్చేస్తాను, బాగుపడనివి గోడకి పెడతాను. మీరు గోడ చూసి నన్ను లెక్కేస్తే ఎలా?" అనేవాడు బాబాయి.

టమాటాల పిచ్చి ఆయనకి నడివయసు దాటాక పట్టింది. కొట్టు మెట్టు పక్కన, తూము దగ్గర, ఎవరో పారేసిన గింజలోంచి ఒక మొక్క లేచింది. కాసింది. కాయలు రంగు తిరిగే వేళకి అడుగుభాగం నల్లగా, తోలు అతికించినట్టు కుళ్ళిపోయాయి. లోపల ఏదో చక్రం అరిగిందనుకున్నాడు బాబాయి. గడియారమైతే విప్పి చూసేవాడు. మొక్కని విప్పడం ఎలాగో తెలియక, వ్యవసాయ ఆఫీసుకి వెళ్ళి వరండాలో కూర్చున్నాడు, నర్సరీల వాళ్ళ వెంట పడ్డాడు, చాలా మొక్కల్ని చంపాడు. చంపగా చంపగా డాక్టరయ్యాడు.

ఆయన వైద్యంలో ఒక అందం ఉండేది. అడుగు ఆకుల మీద గోధుమరంగు మచ్చలు చూపిస్తే భూతద్దం తీసి మన కంటికే పెట్టేవాడు. "మచ్చలో వలయం, ఆ వలయంలో ఇంకో వలయం, గడియారం స్ప్రింగు చుట్టలా కనబడుతోందా? ఇది ఆకుమాడు తెగులు. నేల మీంచి నీటి చిందులతో పైకెక్కుతుంది. కింది ఆకులు తీసేయ్, మొదట్లో ఎండుగడ్డి పరువు, నీళ్ళు మొదట్లోనే పొయ్యి. ఆకులకి తలంటు పోయకు." ఆకులు పైకి ముడుచుకుపోయి మొక్క గిడసబారితే ఆకు తిప్పి ఊదేవాడు. తెల్లదోమ పొగలా లేచేది. "ఇదిగో, ఈ ముడత తెచ్చేది వీళ్ళే. పసుపు అట్టకి జిగురు రాసి కట్టు." పచ్చగా ఉన్న మొక్క ఉన్నట్టుండి మిట్టమధ్యాహ్నం తల వాల్చేస్తే కాండం కోసి, ముక్కని గాజుగ్లాసు నీళ్ళలో వేలాడదీసేవాడు. కాసేపటికి కోసిన చోటునుంచి తెల్లటి దారం పాలచారలా నీళ్ళలోకి దిగేది. "అయిపోయింది. వేళ్ళతో సహా పీకెయ్. ఆ మట్టిలో టమాటా గాని, వంకాయ గాని, మిరప గాని కొన్నాళ్ళపాటు వెయ్యకు" అని మెల్లగా చెప్పేవాడు, పక్కన మొక్క వింటుందేమో అన్నట్టు.

బేకరీ ఆయనకి కూడా మొదటి ఏడు కాయ అడుగు కుళ్ళే వచ్చింది. ఆయన పురుగుమందుల కొట్లో దొరికినవన్నీ కొట్టి, కాయల్ని తెల్లగా సున్నం వేసినట్టు చేసి, అప్పుడు బాబాయిని పిలిచాడు.

"ఏం రోగం బాబాయ్?"

"మొక్కకి ఏమీ లేదు. నీకే బద్ధకం. గుర్తొచ్చిన రోజు ముంచుతావు, గుర్తురాని రోజుల్లో ఎండగడతావు. నీళ్ళు ఒక పద్ధతిలో అందకపోతే మట్టిలో సున్నం ఉన్నా కాయదాకా ఎక్కదు."

"అంటే నాకు మందు కొట్టాలంటావ్."

"అది మీ ఆవిడ చూసుకుంటుంది."

ఇలా నవ్విస్తూ నవ్విస్తూనే, ప్రతి ఆదివారం వీధి ఈ కొసనుంచి ఆ కొసకి ఇల్లిల్లూ తిరిగేవాడు. చివర్లో ఒక పని మాత్రం తప్పక చేసేవాడు. కొమ్మకీ కాండానికీ మధ్య మొలిచే పక్క పిలకల్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని టుక్కున గిల్లేవాడు. గడియారంలో ముల్లుని పట్టే ఆ రెండు వేళ్ళతో, ఎంత సుతారంగా అంటే, మొక్కకి గిల్లినట్టు తెలిసేది కాదు. కత్తెర పట్టుకునేవాడు కాదు. "చేతిలో ఉన్న పనితనం ఇనుములో ఎక్కడుంటుంది?" అనేవాడు.

ఆ రెండు వేళ్ళ గురించే ఈ కథంతా.

మా పిన్ని, అంటే బాబాయి భార్య, ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. ఇంటికి ఎవరొచ్చినా ఆవిడ అడిగే మొదటి మాట "చేతులు కడుక్కున్నావా?" రెండోది "సబ్బుతోనేనా?" బాగున్నావా అన్నది ఆ తర్వాతే. ఒకప్పుడు బాబాయికి ముక్కుపొడుం అలవాటుండేది. ముక్కులోంచి రక్తం పడ్డ రోజున పిన్ని ఆ డబ్బీని తూములో గిరాటేసి, ఇక జన్మలో ముట్టనని మాట తీసుకుంది. బాబాయి మాటిచ్చాడు. ఇచ్చిన మాట మీద చాలా కాలం నిలబడ్డాడు కూడా. మధ్యాహ్నం వేళ, కొట్లో మనుషులు లేనప్పుడు, చిన్న చక్రాల మీద కళ్ళు మూతలు పడుతుంటే మాత్రం నిలబడలేకపోయాడు.

డబ్బీ దాచడానికి చోటు కావాలి. పిన్ని సోదా చేయని చోటు ఇంట్లో లేదు. అందుకని బాబాయి ఒక పాత జేబు గడియారం లోపలి యంత్రమంతా తీసేసి, ఆ డొల్లలో ముక్కుపొడుం నింపుకున్నాడు. గొలుసుతో జేబుకి తగిలించుకున్నాడు. కావలసినప్పుడు తీసి, మూత తెరిచి, టైము చూసుకుంటున్నట్టు మొహం పెట్టి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చిటికెడు పట్టి ముక్కులోకి ఎగబీల్చేవాడు. గడియారాల మనిషి గడియారం చూసుకుంటే ఎవరికి అనుమానం? పిన్ని ముక్కు ఆసుపత్రి ఫినాయిలుకి ఎప్పుడో లొంగిపోయింది, దానికి ఏ వాసనా అందదు. ఆదివారం మొక్కల మధ్యా అదే పని, తుమ్ములొస్తే ఆ పాపం ఆకు మీదికి నెట్టేసేవాడు.

ఇదంతా మాకు తర్వాత తెలిసింది. ఎలా తెలిసిందో చెప్తాను.

మా వీధికి టమాటా నారు తెచ్చేది నారక్క. తోపుడు బండి మీద పెద్ద పెద్ద నల్ల ట్రేలలో నారు పేర్చుకుని, తడిగుడ్డ కప్పుకుని, మొక్కల్ని పిల్లల్లా చూసుకుంటూ వచ్చేది. అసలు పేరు ఎవరికీ తెలీదు. నారు కుళ్ళితే డబ్బు తిరిగి ఇచ్చేసేది, బతకని మొక్కకి ఇంకో మొక్క ఇచ్చేది. మనిషి బతుకంతా ఆ బండే.

భూతద్దం టీలో పడిన ఆ సీజన్లోనే మా వీధి మొక్కలకి వింత జబ్బు పట్టుకుంది. ఆకుల మీద లేతపచ్చ, ముదురుపచ్చ మచ్చలు మచ్చలుగా, అతుకుల దుప్పటిలా తయారయ్యాయి. కొన్ని మొక్కల చిగురాకులు సన్నగా తాళ్ళలా సాగిపోయాయి. కాయలు గట్టిగా, లోపల గోధుమ చారలతో వచ్చాయి. దోమ లేదు, పురుగు లేదు, వడలడం లేదు. బాబాయి చూడగానే గుర్తుపట్టాడు.

"మొజాయిక్ తెగులు. వైరస్సు. దీనికి మందు లేదు" అన్నాడు.

"మందు లేకపోతే పోయె, ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పు" అన్నాడు బేకరీ ఆయన. ఆయన మొక్కలే అందరికంటే ఎక్కువ పాడయ్యాయి. కొత్తగా పెట్టబోయే పిజ్జాలకి సొంత టమాటాలు వేస్తానని బోర్డు కూడా రాయించుకున్నాడు పాపం.

"విత్తనంలోంచి రావచ్చు" అన్నాడు బాబాయి.

అది అబద్ధం కాదు. రావచ్చు. కానీ డాక్టరు నోట్లోంచి "రావచ్చు" అని వచ్చిన మాట మెట్లు దిగేసరికి "వచ్చింది" అయింది, వీధి చివరికి వెళ్ళేసరికి "తెలిసే అమ్మింది" అయింది. మర్నాడు నారక్క బండి మలుపు తిరగ్గానే బేకరీ ఆయన అడ్డంగా నిలబడ్డాడు.

"ఆగక్కడ. నీ రోగిష్టి నారు మా వీధికి వద్దు."

"నా నారుకి రోగమేంటన్నా? నిన్నటిదాకా బాగానే ఉందిగా?"

"అది మాకు కాదు, బాబాయికి చెప్పుకో. ఆయనే చూసి చెప్పాడు."

నారక్క బాబాయి కొట్టువైపు చూసింది. బాబాయి కంటికి భూతద్దం పెట్టుకుని గడియారంలోకి దూరిపోయి ఉన్నాడు. ఆవిడ బండి వెనక్కి తిప్పుకుంది. ఒక వీధిలో వెలివేస్తే పక్క వీధిలో కొంటారా? ఆ వారమంతా ఆవిడ బండి మీద ట్రేలు నిండుగానే తిరిగాయని విన్నాం.

బాబాయికి అప్పటికి ఇంకా ఏమీ తెలీదు. మంచి డాక్టరు గనక, ఒక రోగం పూర్తిగా అర్థం కాకపోతే నిద్రపట్టదు గనక, తన మాటని తానే ఖాయం చేసుకుందామని తాకొద్దు టీచరుగారింటికి వెళ్ళాడు. ఆవిడ రిటైరైన లెక్కల టీచరు. పెరట్లో టమాటా మొక్కల చుట్టూ తాడు కట్టి, ఆ తాడుకి "తాకొద్దు" అని రాసిన అట్ట తగిలించింది. పిల్లల కోసమే రాసింది కాదది. బాబాయి కోసం కూడా. ఆవిడ గేటు బయట నుంచి తప్ప ఎప్పుడూ ఆయన్ని మొక్క చూడనివ్వలేదు. అందుకే ఆదివారాల్లో ఆ ఇల్లు దాటేసి వెళ్ళేవాడు.

"టీచరుగారూ, మీ నారు ఎక్కడిది?"

"నారక్కదే. బేకరీ వాళ్ళూ నేనూ ఒకే ట్రే సగం సగం పంచుకున్నాం. ఏం?"

బాబాయి గేటు ఇవతలే నిలబడి చూశాడు. మొక్కలు ముదురుపచ్చగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. ఒక్క మచ్చ లేదు. పిలకలు గిల్లక గుబురుగా పెరిగాయి, అంతే.

"ఒకే ట్రే అయితే మీకెందుకు రాలేదు?" అన్నాడు, తనలో తానే.

"లెక్క తేలికే కదయ్యా. రెండుచోట్లా ఉన్నదాన్ని కొట్టేయ్. ఒకచోట ఉండి ఇంకోచోట లేనిదేదో చూడు" అంది టీచరుగారు. ఆవిడ ఎవర్నీ ఉద్దేశించి అనలేదు. ఏ లెక్కకైనా అదే అంటుంది.

బాబాయి అక్కణ్ణుంచి నేరుగా బేకరీ డాబా ఎక్కాడు. నీళ్ళ ట్యాంకు వెనక, చెయ్యి అందని సందులో ఒక కుండీ ఉంది. వేళ్ళు అందవని ఆ మొక్క పిలకలు ఎప్పుడూ గిల్లలేదు. దాని మీద మచ్చ లేదు. పక్కింటికి వెళ్ళాడు. వాళ్ళు ఊళ్ళో లేక తలుపు తీయని ఆదివారాలు గుర్తున్నాయి. అక్కడ జబ్బు ఆలస్యంగా వచ్చింది. వీధి ఈ కొసనుంచి ఆ కొసకి, తను నడిచిన దారి వెంబడే జబ్బు నడిచింది. తను గిల్లిన చోటల్లా ఆగింది.

చేయి చూసుకున్నాడు. బొటనవేలి కొస, గోరు చుట్టూ, ఎర్రగోధుమ రంగు. ఎంత తుడిచినా పోనిది. వ్యవసాయ ఆఫీసు వరండాలో ఎప్పుడో విన్న మాట అప్పుడు చెవిలో గంట కొట్టింది: ఈ వైరస్సు పొగాకుది కూడా, ఎండిన పొగాకులో, పొడిలో కూడా బతికుంటుంది, బీడీ తాగిన చేత్తో టమాటా ముట్టుకోవద్దు. విన్నప్పుడు బీడీ తాగేవాళ్ళని తలుచుకుని తల ఊపాడు. ముక్కుపొడుం కూడా పొగాకేనని ఆ పూట తట్టలేదు.

ఆ సాయంత్రం ఆయన వీధిలో నడుస్తుంటే ప్రతి కుండీ ఆయన్ని చూసి మొహం తిప్పుకున్నట్టనిపించిందట. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదన్నాడు. పెట్టుకోవడానికి కొట్టు ఉంది గనక అక్కడ పెట్టుకున్నాడు, గడియారాల మధ్య.

వచ్చిన ఆదివారం నడుం నొప్పి అన్నాడు. "పాపం, మన మొక్కల మీద వంగి వంగి" అని ఎదురింటామె నూనె పంపించింది. ఆ నూనె సీసా చూసి బాబాయి ఇంకా కుంగిపోయాడు. పిన్ని మాత్రం వేరే గమనించింది. ఈయన ఎవరూ చెప్పకుండా గంటకోసారి సబ్బుతో చేతులు కడుక్కుంటున్నాడు.

"ఏవండీ, ఒంట్లో బాగానే ఉందా?"

"ఉంది. ఏం?"

"అడక్కుండా చేతులు కడుక్కుంటున్నారు. పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి."

బాబాయి ఇంకోసారి సబ్బు అందుకున్నాడు.

నారక్క వచ్చింది ఆ తర్వాతే. బండి లేకుండా, చేతిలో ఒక అలారం గడియారంతో వచ్చింది.

"ఇది ఆగిపోయింది బాబాయ్. తెల్లారకముందే లేవాలి నేను. ఇక ఏటికి అవతలివైపు తిరుగుదామనుకుంటున్నా, అక్కడ నన్నెవరూ ఎరగరు."

బాబాయి గడియారం తీసుకుని వెనక మూత విప్పాడు. చేతులకి పని దొరికితే తల ఎత్తనక్కర్లేదు.

"బాబాయ్, నేను పోట్లాడ్డానికి రాలేదు" అంది నారక్క. "నువ్వు అబద్ధం చెప్పవు. నువ్వు విత్తనం అన్నావని పెరట్లో వేసిన మడంతా పీకి తగలబెట్టేశాను. ట్రేలన్నీ మరిగే నీళ్ళలో ముంచాను. మట్టి మార్చాను. ఇంకెక్కడ తప్పు చేస్తున్నానో నువ్వే చెప్పు, దిద్దుకుంటాను. నాకు ఈ పని తప్ప ఇంకోటి రాదు."

పట్టకారు జారి చిన్న చక్రం బల్ల మీంచి కింద పడింది. బాబాయి వంగి వెతుకుతూ బల్ల కిందే చాలాసేపు ఉండిపోయాడు. ఆ చక్రం దొరకడానికి అంతసేపు పట్టదని నారక్కకీ తెలిసే ఉంటుంది.

"ఆదివారం బేకరీ డాబా మీదికి రా" అన్నాడు బల్ల కిందినుంచే.

"ఎందుకు? అందరి ముందూ తిట్టించుకోవడానికా?"

"కాదమ్మా. నువ్వు రా."

ఆ ఆదివారం మొక్కలు పీకే రోజని బేకరీ ఆయన వీధికంతా ముందే చెప్పాడు. మందు లేదన్నాక చేయగలిగింది అదే. మేమందరం డాబా మీదికి చేరాం. పిన్ని ఒక బకెట్టు నీళ్ళు, రెండు సబ్బులు పట్టుకుని వచ్చింది. మెట్ల దగ్గర నారక్క ఒదిగి నిలబడింది. ఆవిణ్ణి చూడగానే బేకరీ ఆయన కంఠం లేచింది.

"రా అమ్మా రా. నీ చేతి చలవ చూద్దువుగాని. ఈ దరిద్రం కళ్ళారా చూసి ఒప్పుకో."

"ఆవిడ ఒప్పుకోవాల్సింది ఏమీ లేదు" అన్నాడు బాబాయి.

ఆయన గొంతు సన్నగా ఉండటంతో సగం మందికి వినబడలేదు.

"ఏంటి బాబాయ్? గట్టిగా చెప్పు."

బాబాయి జేబులోంచి గడియారం తీశాడు. అందరమూ టైము చూస్తాడనుకున్నాం. మూత తెరిచి, డాబా మీదున్న చిన్న బల్ల మీద బోర్లించాడు. ముక్కుపొడుం చిన్న గుట్టగా పడింది. ముల్లు లేదు, చక్రం లేదు.

"ఇది పొగాకు" అన్నాడు. "ఈ జబ్బు ఇందులోంచి నా వేళ్ళకి, నా వేళ్ళలోంచి మీ మొక్కలకి వచ్చింది. ఒక జబ్బు మొక్కని గిల్లిన చేత్తోనే పక్క మొక్కని గిల్లాను, ఇంటింటికీ నేనే మోశాను. నేను గిల్లని మొక్కకి రాలేదు. టీచరుగారి పెరడు చూడండి, ఆ ట్యాంకు వెనక చూడండి. అదే నారు. నారక్క నారుకి ఏ రోగమూ లేదు. మీరు రోగిష్టి అన్నది నన్ను."

బేకరీ ఆయన ట్యాంకు వెనక్కి వెళ్ళి ఆ కుండీ చూసి, మొహం ఎర్రగా చేసుకుని తిరిగొచ్చాడు. తిడదామనుకున్నాడు, కానీ తిట్టాల్సిన మనిషి అప్పటికే తల నేలకేసి నిలబడి ఉంటే తిట్టు ఎక్కడ దిగుతుంది? చివరికి అన్నదల్లా ఇదే:

"అయితే ఆ రోజు నా టీలో పడ్డ అద్దం కూడా ముక్కుపొడుం చేత్తో ముట్టుకున్నదేనా?"

"అవును."

"నేను పంచదార తక్కువైందనుకున్నాను."

ఒకరిద్దరు నవ్వబోయారు. అంతలో పిన్ని ముందుకొచ్చింది. ఆవిడ టమాటాల వైపు చూడలేదు, ముక్కుపొడుం వైపూ చూడలేదు. ఖాళీ గడియారం చేతిలోకి తీసుకుని లోపలికి తొంగి చూసింది.

"స్టవ్వు మీద పాలు పెట్టి టైమెంత అయిందండీ అంటే, ఇది తెరిచి చెప్పేవారు."

బాబాయి బల్ల మీది పొడిని చేత్తో ఒక పక్కకి ఊడ్చాడు.

"నా బీపీ మాత్ర వేళ కూడా ఇందులో చూసే చెప్పేవారు."

"ఉజ్జాయింపుగా చెప్పేవాణ్ణి" అన్నాడు బాబాయి, వినీ వినబడకుండా. "చాలాసార్లు సరిపోయేది."

"పాలు పొంగిన రోజులన్నీ నాకు మతిమరుపు వచ్చిందనుకుని ఏడ్చాను నేను" అంది పిన్ని. అంత మెల్లగా అంది కాబట్టే అందరికీ వినబడింది. అప్పుడు చూశాను బాబాయి మొహం. వీధి అంతా చూస్తుండగా మొక్కల పాపం ఒప్పుకున్న మనిషి, ఆ మాటకి మాత్రం నిలువునా కాలిపోయాడు.

పిన్ని సబ్బు ఆయన చేతిలో పెట్టింది. "ముందు కడుక్కోండి. గోళ్ళ సందుల్లో కూడా."

తర్వాత బాబాయి నారక్క దగ్గరికి వెళ్ళి రెండు తడిచేతులూ జోడించాడు. నారక్క కంగారుగా వెనక్కి జరిగింది.

"నీ మడి తగలబెట్టించాను" అన్నాడు.

"అది కాదు బాబాయ్ నా బాధ" అంది ఆవిడ. "నా బండి ఆపిన రోజు గుడ్డివాడిలా కూర్చున్నావు చూడు, ఒక్కమాట... ఒక్కసారి తలెత్తి చూసుంటే బాగుండేది."

బాబాయి తల ఊపాడు.

ఆ రోజు పీకుడంతా ఆయనే దగ్గరుండి చేయించాడు. జబ్బు మొక్కల్ని వేళ్ళతో సహా తీసి, ఒక్క ఆకు రాలకుండా సంచుల్లో కట్టించాడు. ఎరువుగుంతలో వేయొద్దన్నాడు. కర్రలు, తాళ్ళు, కుండీలు సబ్బునీళ్ళతో తోమించాడు. జబ్బు మొక్క ముట్టుకున్నవాళ్ళు మంచి మొక్క ముట్టుకోబోతే పిన్ని బకెట్టు అడ్డం పెట్టేది. "పాలల్లో చేతులు ముంచుకున్నా ఈ వైరస్సు పనిచేయదు" అని బాబాయి అంటే, "పాల సంగతి మీరెత్తకండి" అంది ఆవిడ. ఇక ఆయన పాల సంగతి ఎత్తలేదు.

నారక్క బండిని మలుపు దగ్గరినుంచి బేకరీ ఆయనే తోసుకుంటూ తీసుకొచ్చాడు, అదీ రెండో వారం. క్షమించమని నోటితో అనడం ఆయనకి చేతకాదు. "ఈ చక్రం కీచుమంటోంది, నూనె వెయ్యలేవా?" అని ఆవిణ్ణే గదమాయించి, తనే నూనె వేశాడు. బాబాయి నారక్క అలారం గడియారం బాగుచేసి ఇచ్చాడు. అది సరిగ్గా మోగుతోందట. నారక్క ఏటి అవతలికి వెళ్ళలేదు. కానీ బాబాయి బండి దగ్గరికొస్తే మాత్రం ట్రేల మీద తడిగుడ్డ కప్పేస్తుంది. కోపం కాదు, అలవాటు అంటుంది. ఆయన కూడా అడుగు దూరంలోనే ఆగిపోతాడు.

ఆదివారాల తిరుగుడు ఆగలేదు, ఎవరూ ఆగనివ్వలేదు. కానీ ఇప్పుడు బాబాయి రెండు చేతులూ వెనక్కి కట్టుకుని వస్తాడు. వంగి చూస్తాడు, నోటితో చెప్తాడు. "ఆ కింది ఆకు తియ్యి. అది కాదు, దాని పక్కది. గిల్లే ముందు సబ్బు." తుమ్ములు లేవు. టైము చూసుకోవడం లేదు. పిన్ని ఇంట్లో పాల టైముకి కొత్త గోడగడియారం ఒకటి కొనుక్కుంది. వేరే కొట్లో కొంది. వీధిలో ఆ సంగతి ఎవరూ ఎత్తరు గానీ, బాబాయి దాని కింద నుంచి వెళ్ళినప్పుడల్లా తలొంచుకుంటాడని నాకు తెలుసు.

మొన్న ఆదివారం తాకొద్దు టీచరుగారు గేటు దాకా వచ్చి ఆయన్ని ఆపేసింది. మొక్కల చుట్టూ తాడు లేదు, అట్ట లేదు. పిలకలు అడ్డదిడ్డంగా ఎదిగి పెరడంతా అడవిలా ఉంది.

"ఏమయ్యా, నీ కోసమని ఆ బోర్డు తీసేసి వారమైంది. అందరిళ్ళకీ వెళ్తావు, మా మొక్క ఇంత గుబురెక్కి ఊపిరాడక చస్తుంటే, వచ్చి ఒక్క కొమ్మ గిల్లవేం?"

బాబాయి వెనక కట్టుకున్న చేతులు విప్పకుండానే అన్నాడు, "మీరు తీసిన బోర్డు నేను పెట్టుకున్నాను టీచరుగారూ."